డెంగీలో ప్లేట్‌లెట్లతో పాటు నాడినీ చూడండి

సంపాదకులకు నమస్కారం.

ఈశాన్య రుతుపవనాల వానలు పట్టుకున్నాయంటే నెల్లూరు, కావలి, ఒంగోలు వైపు ఆస్పత్రులు డెంగీ జ్వరాలతో నిండిపోతాయి. పలకరించడానికి వచ్చిన ప్రతి ఒక్కరూ అడిగేది ‘ప్లేట్‌లెట్లు ఎన్ని?’ అనే. గుండె ఎలా ఉందని అడిగేవాళ్లు కనపడరు. డెంగీ, చికున్‌గున్యా వైరస్‌లు రెండూ గుండె కండరానికి వాపు తెస్తాయి. చాలామందిలో అది స్వల్పంగా వచ్చి తగ్గిపోతుంది. కొందరిలో మాత్రం గుండె బలహీనపడుతుంది, లయ తప్పుతుంది. చికున్‌గున్యాలో కీళ్ల నొప్పుల గోలలో పడి ఆయాసాన్ని నీరసం అనుకుంటారు.

డెంగీలో అసలు గండం జ్వరం దిగేటప్పుడే, అంటే జ్వరం మొదలయ్యాక 3 నుంచి 7 రోజుల మధ్య. అప్పుడు 24 నుంచి 48 గంటల పాటు రక్తనాళాల్లోని ద్రవం బయటికి కారిపోతుంది. బీపీ 100/80 ఉంటే ‘పైది వంద ఉందిగా, బాగానే ఉంది’ అంటారు. పైఅంకెకూ కిందిఅంకెకూ తేడా 20కి పడిపోయిందంటే అది షాక్‌కు, అంటే ఒంట్లో రక్తప్రసరణ పడిపోవడానికి గుర్తు. చేతులు, కాళ్లు చల్లబడటం, మూత్రం తగ్గడం, ఆగని వాంతులు, కడుపునొప్పి కూడా ఉంటే ఒక్క గంట కూడా ఆగకూడదు.

ఆ తర్వాత కారిన ద్రవమంతా తిరిగి రక్తంలోకి వస్తుంది. ఆ సమయంలో కూడా ‘నీరసంగా ఉంది, ఇంకో బాటిల్ ఎక్కించండి’ అని ఇంటివాళ్లు పట్టుబట్టడం, సరేనని ఎక్కించేయడం చాలా ప్రమాదం. అదనపు నీరు ఊపిరితిత్తుల్లో చేరుతుంది. గుండె కండరం వాచి ఉంటే మరీ త్వరగా చేరుతుంది. పడుకుంటే ఆయాసం, లేచి కూర్చుంటే కాస్త నయం అనిపిస్తే సెలైన్ ఆపించి డాక్టర్ని పిలవాలి. సెలైన్ అనేది రోగి బరువును బట్టి, పీసీవీ (రక్తంలో ఎర్రకణాల శాతం) చూసుకుంటూ గంటగంటకూ తగ్గించుకురావాల్సిన మందు, బలానికి ఎక్కించేది కాదు.

కోలుకునేటప్పుడు నాడి నిమిషానికి 50 దాకా తగ్గడం మామూలే, దానంతటదే సర్దుకుంటుంది. కళ్లు తిరిగినా, స్పృహ తప్పినా, ఛాతీ నొప్పి వచ్చినా వెంటనే ఈసీజీ తీయాలి. అందులో తేడా ఉంటే ట్రోపోనిన్ (గుండె కండరం దెబ్బతిందేమో చూసే రక్తపరీక్ష), ఎకో (గుండె స్కానింగ్) చేయించాలి. జ్వరం లేకుండానే పడుకున్న మనిషికి నాడి 120 దాటినా ఊరుకోకూడదు. బీపీకి అటెనోలాల్, మెటోప్రొలాల్ వాడేవారిలో నాడి పెరగాల్సినంత పెరగదు కాబట్టి ఆ సంగతి ముందే చెప్పాలి. స్టెంట్ వేయించుకుని, రక్తం గడ్డకట్టకుండా ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ వాడేవారు వాటిని సొంతంగా ఆపొద్దు, అలాగే మింగుతూ పోవద్దు. మొదటిరోజే గుండె డాక్టర్ని అడగాలి. ఒళ్లునొప్పులకు డైక్లోఫెనాక్ ఇంజెక్షన్ వద్దు, పారాసెటమాల్ చాలు.

జిల్లా వైద్యాధికారులకు మా విన్నపం ఒకటి. జ్వరాల శిబిరాల్లో ఇచ్చే చీటీ మీద ప్లేట్‌లెట్ల పక్కనే నాడి, బీపీ తేడా, పీసీవీ కూడా రాయించండి. ఆయాసం, ఛాతీ నొప్పి, లయ తప్పిన నాడి ఉన్నవారికి పీహెచ్‌సీలోనే ఈసీజీ తీయించండి. గుండె కండరానికి వాపు ఉందని తేలినవారు నాట్లకు, బరువులు మోసే పనికి, ఆటలకు మూడు నుంచి ఆరు నెలలు దూరంగా ఉండాలి. తిరిగి పనిలోకి దిగేముందు ఈసీజీ, ఎకో మరోసారి చూపించుకోవాలి. ఈ మాట డిశ్చార్జి కాగితం మీద తెలుగులో ఉండాలి.

– కావలి ప్రాంత వైద్యులు