మాలగలో మకాం: ఈ చలికాలం దక్షిణ స్పెయిన్ ట్రిప్ గురించి ఉన్నదున్నట్టు

మా ప్రయాణికులందరికీ నమస్కారం.

సంక్రాంతి వెళ్ళాక దక్షిణ స్పెయిన్ తీసుకెళ్తామని చెప్పినప్పటి నుంచీ షాపుకొచ్చే వాళ్ళదీ, వాట్సాప్‌లో అడిగే వాళ్ళదీ ఒకటే మాట: "రోజువారీ ప్రోగ్రాం పీడీఎఫ్ పంపండి." ఈసారి పంపడం లేదు. మొదటి రోజు ఫలానా ఊరు, రెండో రోజు ఫలానా ఊరు అని అచ్చువేసి ఇచ్చే ప్రోగ్రాం ఈ ట్రిప్‌కి ఉండదు. ఎందుకో వివరంగా చెప్తాం. చదివాక వద్దనిపిస్తే మొహమాటపడకుండా వద్దనేయండి. అంత దూరం వెళ్ళాక "ఈ ముక్క ముందే చెప్పొచ్చుగా" అనిపించుకోవడం కంటే అదే నయం.

ముందు అసలు చలికాలమే ఎందుకంటే, సెవిల్లా, కోర్డోబాల్లో జూలై, ఆగస్టుల్లో ఎండ 40 డిగ్రీలు దాటడం మామూలు విషయం. విజయవాడ వాళ్ళం, ఆ ఎండ చూడ్డానికి మనకి వీసా ఎందుకండీ? జనవరి, ఫిబ్రవరిల్లో మాలగ తీరంలో పగలు 17 డిగ్రీల దాకా ఉంటుంది, రాత్రి ఏడెనిమిదికి దిగుతుంది. ఊరికి ఉత్తరాన ఉన్న కొండలు చలిగాలిని చాలావరకు ఆపేస్తాయి. జనం పల్చగా ఉంటారు. ఈస్టర్ వారం వస్తే మళ్ళీ రేట్లు ఆకాశానికి వెళ్తాయి కాబట్టి, కనుమ వెళ్ళిన వారం నుంచి ఫిబ్రవరి మూడో వారం లోపు రెండు బ్యాచ్‌లు పెట్టుకున్నాం. డిసెంబరు ఆఖర్లో పెట్టమని కొందరు అడిగారు. క్రిస్మస్ దీపాలు బాగుంటాయి, నిజమే. కానీ విమానం టికెట్లు అప్పుడే మండిపోతాయి. పైగా డిసెంబరు 25, జనవరి 1 తారీకుల్లో గ్రనాడాలోని అల్హంబ్రా కోట మూసేస్తారు. జనవరి 6 కూడా స్పెయిన్ అంతటా సెలవే. అందుకే ఆ వారాలు వదిలేశాం.

చిక్కల్లా వాన. అక్కడ ఏడాది వర్షంలో ఎక్కువ భాగం ఈ చలికాలంలోనే పడుతుంది. వారాల తరబడి నీలాకాశం ఉండి, ఉన్నట్టుండి మూడు రోజులు వదలకుండా కురవొచ్చు. 2024 నవంబరు 13న మాలగలో రెడ్ అలర్ట్ ఇచ్చి, నది ఒడ్డున ఉన్న వేల మందిని ఇళ్ళు ఖాళీ చేయించారు. అలాంటిది రోజూ జరగదు. కానీ రోజుకో హోటల్ చొప్పున ముందే బుక్ చేసుకుని కూర్చుంటే, చిన్న వాన వచ్చినా ఆ ఊరు గొడుగు కింద నుంచి చూసి వెళ్ళిపోవాల్సిందే.

అందుకని మకాం ఒక్కచోటే పెట్టాం. మాలగ రైల్వే స్టేషన్, పేరు మరియా సంబ్రానో, దానికి నడిచి వెళ్ళేంత దూరంలో హోటల్. బస్‌స్టాండ్ స్టేషన్‌కి పక్కనే. కోర్డోబా హైస్పీడ్ రైల్లో గంట. గ్రనాడా బస్సులో గంటా ముప్పావు, అటూఇటూగా. రోండా బస్సు రెండు గంటలు. నెర్హా తీరం వెంబడే యాభై కిలోమీటర్ల పైచిలుకు. టొర్రెమోలినోస్, ఫ్వెన్హిరోలా వైపు వెళ్ళే లోకల్ రైలు ఇరవై నిమిషాలకొకటి, అది ఎయిర్‌పోర్ట్ మీదుగానే పోతుంది. ఆ బీచ్ ఊళ్ళలో హోటళ్ళు ఇంకా చవకగా దొరుకుతాయి కదా, అక్కడ ఎందుకు పెట్టలేదని ఒకాయన అడిగారు. చలికాలంలో అక్కడ చాలా హోటళ్ళు మూసే ఉంటాయి. సాయంత్రం బయటికొస్తే సగం షాపులకి షట్టర్లే కనిపిస్తాయి. మాలగ ఐదారు లక్షల మంది బతికే ఊరు, టూరిస్టులు ఉన్నా లేకపోయినా దాని పని అది చేసుకుంటూ పోతుంది.

రోజూ సాయంత్రం స్పెయిన్ వాతావరణ శాఖ ఏమెత్ పెట్టే ఊరూరి అంచనా చూసి, రేపు ఎక్కడికో రాత్రి భోజనానికి ముందు చెప్తాం. వాన ఉంటే కోర్డోబా. అక్కడి మెస్కీతా 785 ప్రాంతంలో మొదలుపెట్టి రెండు వందల ఏళ్ళు పెంచుకుంటూ పోయిన మసీదు, ఇప్పుడు కెథడ్రల్. లోపల 850కి పైగా స్తంభాలున్నాయి, ఎర్ర తెలుపు చారల కమానులు ఒకదాని మీద ఒకటి. బయట ఎంత కురిసినా లోపల రెండు గంటలు తెలియకుండా గడిచిపోతాయి. మరీ జోరువానైతే మాలగలోనే పికాసో మ్యూజియం. ఆయన 1881లో పుట్టిన ఇల్లు అక్కడికి నాలుగడుగుల దూరం. ఎండ ఉంటే రోండా, అక్కడ 98 మీటర్ల ఎత్తు వంతెన కింద లోయ. లేదా నెర్హా, దాని పక్కనే కొండమీది ఊరు ఫ్రిహిలియానా.

కమినీతో దెల్ రేయ్ అడిగిన కుర్రాళ్ళకి ఒక మాట. కొండ అంచున వంద మీటర్ల ఎత్తులో వేలాడే ఆ నడకదారి గాలి ఎక్కువైతే, వాన వస్తే మూసేస్తారు. సోమవారాలు ఎలాగూ సెలవు. ఎనిమిదేళ్ళ లోపు పిల్లల్ని రానివ్వరు. టికెట్ ముందే కొనాలి. అంటే చివరి నిమిషంలో రోజు మార్చుకునే మన పద్ధతికి అది సరిపడదు. అందుకే ప్యాకేజీలో పెట్టలేదు. పట్టుబట్టే వాళ్ళకి టికెట్ తీసిస్తాం, మూసేస్తే ఆ రోజు పోయినట్టే అనుకోండి.

మారనిది ఒక్క గ్రనాడా రోజే. అల్హంబ్రా టికెట్ పేరు మీద, పాస్‌పోర్ట్ నంబరు మీద ఇస్తారు. కోటలోని నస్రిద్ రాజుల మందిరాల్లోకి వెళ్ళడానికి టికెట్ మీద అరగంట స్లాట్ ఉంటుంది. అది దాటితే లోపలికి పంపరు. మెయిన్ గేటు నుంచి అక్కడికి నడకే పావుగంట పైన, మధ్యలో ఫొటోలు మొదలుపెడితే అంతే సంగతులు. పాస్‌పోర్ట్ జిరాక్స్ కాదు, ఒరిజినలే దగ్గరుండాలి. ఆఫ్ సీజన్ వల్ల మనకి కలిసొచ్చేది కూడా ఇక్కడే. ఏప్రిల్, మే నెలల్లో అయితే వీసా చేతికి రాకముందే ఈ టికెట్లు కొనేయాలి, లేకపోతే అయిపోతాయి. తర్వాత వీసా రాకపోతే ఆ డబ్బు గోవిందా. జనవరిలో వీసా వచ్చాక తీసినా మామూలుగా దొరుకుతాయి. ఇంకోటి, గ్రనాడా సుమారు 700 మీటర్ల ఎత్తున ఉంది, వెనకే మంచు కప్పుకున్న సియెర్రా నెవాడా. మాలగలో చొక్కాతో తిరిగిన వాళ్ళు అక్కడ దిగగానే చేతులు జేబులో పెట్టుకుంటారు. రాత్రి సున్నా దగ్గరికి పడిపోతుంది. ఆ రోజుకి మంకీ క్యాప్, స్వెట్టర్, మందం సాక్సులు తప్పనిసరి.

ఒక్కచోటే మకాం పెట్టడంలో ఇబ్బంది లేదా అంటే ఉంది. సెవిల్లాకి రైలు రెండు గంటలు, రానూపోనూ నాలుగు. అంత పెద్ద ఊరిని ఒక్క పగట్లో చూపించడం అన్యాయమే. అల్కాసర్ రాజభవనం, కెథడ్రల్, హిరాల్దా బురుజు చూసేసరికి పొద్దుగూకుతుంది. కావాలనుకున్న వాళ్ళకి అక్కడ రెండు రాత్రులు విడిగా ఏర్పాటు చేస్తాం, డబ్బు అదనం. వీధుల్లో నారింజ చెట్లు కాయలతో నిండి ఉంటాయి, కోసి తినకండి, మహా చేదు. కాదిస్ మాత్రం ఈ ట్రిప్‌లో లేదు, మాలగ నుంచి మరీ దూరం.

ఇక మనవాళ్ళెవరూ ఊహించని చలి ఒకటుంది, ఇంట్లో చలి. అక్కడి ఇళ్ళు వేసవి కోసం కట్టినవి. నేలంతా టైల్స్, మందపాటి గోడలు, కిటికీలు చిన్నవి. బయట ఎండలో హాయిగా కాఫీ తాగి గదిలోకి వస్తే కాళ్ళు జివ్వుమంటాయి. చవకగా దొరికే అపార్ట్‌మెంట్లు వద్దని, గదిలో వేడిగాలి ఏసీ ఉన్న హోటలే తీసుకున్నది ఇందుకే. అయినా ఇంట్లో వేసుకునే స్లిప్పర్లు మర్చిపోకండి. తెల్లవారేది కూడా ఎనిమిది దాటాకే. 1940 నుంచి స్పెయిన్ గడియారం మధ్య యూరప్ టైముతో నడుస్తోంది, సూర్యుడు మాత్రం తన టైముకే వస్తాడు. ఐదింటికి లేచి వాకింగ్‌కి వెళ్ళే నాన్నగార్లు కాస్త ఓపిక పట్టాలి.

సముద్రం చూడ్డానికే. నీళ్ళు 15, 16 డిగ్రీలు. మునిగేవాళ్ళు మునుగుతారు, మేం మాత్రం బీచ్ ట్రిప్ అని చెప్పి అమ్మడం లేదు.

తిండి సంగతి. రెస్టారెంట్లలో వంటగది మధ్యాహ్నం నాలుగింటికి కట్టేస్తే మళ్ళీ రాత్రి ఎనిమిది, ఎనిమిదిన్నరకే. ఒంటిగంటకి కంచం ముందు కూర్చునే అలవాటున్న వాళ్ళు బిస్కెట్లు దగ్గర పెట్టుకోవాలి. శాకాహారులు "మాంసం వద్దు" అంటే చాలదు. వాళ్ళ లెక్కలో పంది తొడ ముక్కలు చల్లడం, ట్యూనా కలపడం మాంసం కిందికి రాకపోవచ్చు. చల్లటి టమాటా సూప్ సల్మోరెహో అడిగితే పైన గుడ్డు, పంది మాంసం చల్లి తెస్తారు. ఒక్కొక్కటీ పేరు పెట్టి వద్దని చెప్పాలి, ఆ కార్డు స్పానిష్‌లో రాసి మీకిస్తాం. అలాగని పస్తులేం ఉండరు. సన్నగా తరిగిన వంకాయలు కరకరలాడేలా వేయించి పైన చెరకు పాకం ధారగా పోసి ఇస్తారు. ఆ పాకం ఫ్రిహిలియానాలో ఇప్పటికీ కాచే ఫ్యాక్టరీ ఉంది. తీపీ ఉప్పూ కలిసి, వేడి మీద తింటే ప్లేటు మిగలదు. సెవిల్లాలో పాలకూర, శనగల కూర ఉంటుంది, జీలకర్ర వాసనతో. మార్కెట్లో చిరిమోయా అని ఆకుపచ్చ కాయలు కనిపిస్తాయి. సీతాఫలం జాతే, ఆ తీరంలోనే పండుతుంది, చలికాలమే దాని సీజను. గింజలు తక్కువ, గుజ్జు ఎక్కువ. చేపలు తినే వాళ్ళకి మాత్రం చిన్న నిరాశ: ఇసుక నింపిన పడవలో నిప్పుల దగ్గర పుల్లకి గుచ్చి కాల్చే సార్డీన్లు దొరుకుతాయి గానీ, అవి కొవ్వు పట్టి రుచిగా ఉండేది వేసవిలోనే.

రేటు సగానికి తగ్గుతుందని ఆశపడొద్దు. ఆఫ్ సీజన్‌లో బాగా తగ్గేది హోటల్ ఒక్కటే. అల్హంబ్రా టికెట్ ఏ కాలమైనా అదే. వీసా ఫీజు పెద్దవాళ్ళకి 90 యూరోలు, అదీ అంతే. హైదరాబాద్ నుంచి మాలగకి నేరుగా విమానం లేదు, మధ్యలో మారాలి. హోటల్‌లో మిగిలిన దాంట్లో కొంత స్టేషన్ దగ్గర ఉండటానికే ఖర్చయింది. మా సర్వీస్ చార్జి రేటు షీటులో విడి లైనుగా వేశాం, చూసుకోండి. మధ్యాహ్నం, రాత్రి భోజనాల ఖర్చు మీదే.

మొరాకో ఒక్కరోజు చూసొద్దామా అని అడిగిన వాళ్ళకి: తరీఫా నుంచి టాంజియర్‌కి ఫెర్రీ గంటే. కానీ మీ వీసా సింగిల్ ఎంట్రీ అయితే, పడవ ఎక్కగానే షెంగెన్ (ఒకే వీసాతో తిరిగే యూరప్ దేశాల ప్రాంతం) దాటినట్టే, తిరిగి రానివ్వరు. మల్టిపుల్ ఎంట్రీ ఉన్నా ఈ ట్రిప్‌లో మేం తీసుకెళ్ళం.

పరీక్షలున్న పిల్లల తల్లిదండ్రులకి ఈ నెలలు కుదరవని తెలుసు. మోకాళ్ళ నొప్పులున్న పెద్దలు వస్తామంటే కాదనం గానీ, గ్రనాడా పాత పేటలో రాళ్ళు పరిచిన ఎత్తుపల్లాలు ఉంటాయి, అక్కడ చిన్న బస్సు ఎక్కిస్తాం. ఏ రోజు ఎక్కడికో ఇంటి దగ్గర బయల్దేరకముందే తెలియాలని టెన్షన్ పడేవాళ్ళకి మాత్రం ఈ ట్రిప్ పడదు. ఏప్రిల్‌లో వేరేది చూద్దాం.

వచ్చేవాళ్ళు పాస్‌పోర్ట్ మొదటి పేజీ ఫొటో, తినని వాటి పేర్లు, మోకాళ్ళ సంగతి రాసి పంపండి. పాస్‌పోర్ట్‌లో కనీసం రెండు ఖాళీ పేజీలు, తిరిగొచ్చాక ఇంకో మూడు నెలల గడువు ఉండాలి. వీసా అప్లికేషన్ ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచే పెట్టుకోవచ్చు, దసరాలోపు పెట్టేస్తే నిశ్చింత. బ్యాచ్‌కి పన్నెండు మంది. ఎనిమిది మంది కూడా కుదరకపోతే ఆ బ్యాచ్ ఆపేసి అడ్వాన్స్ మొత్తం వెనక్కి ఇచ్చేస్తాం. వీసా ఫీజు కట్టేశాక అయితే అది మాత్రం తిరిగి రాదు, అందుకే ఆపేదీ లేనిదీ అప్లికేషన్ పెట్టకముందే తేల్చి చెప్తాం.