డెన్మార్క్ అడవిలో నార్వే చట్టం చెల్లదు

సంపాదకులకు నమస్కారం.

ఈ మధ్య మీ ఆదివారం సంచికలో, ఇద్దరు మిత్రులు వీపున సంచులు తగిలించుకుని తక్కువ ఖర్చులో స్కాండినేవియా చుట్టి రావడం ఎలాగో చెబుతూ వ్యాసం వేశారు. ఎక్కడ పడితే అక్కడ గుడారం వేసుకోవచ్చని, స్థానికులు ఇళ్లలో చోటిస్తారని అందులో ఉంది. డెన్మార్క్, నార్వే, స్వీడన్‌లను ఒకే గాటన కట్టడం వల్ల వచ్చిన చిక్కు ఇది. ఆ మాట నమ్మి బయల్దేరేవారి కోసం ఈ ఉత్తరం.

ముందు గుడారం సంగతి. నార్వేలో 1957 నాటి చట్టం ప్రకారం సాగులో లేని నేల మీద ఎవరినీ అడక్కుండా రాత్రి గడపవచ్చు. మనుషులున్న ఇంటికి గానీ క్యాబిన్‌కి (సెలవుల్లో గడిపే చిన్న ఇల్లు) గానీ కనీసం 150 మీటర్ల ఎడం ఉండాలి. ఒకేచోట రెండు రాత్రులు దాటితే భూయజమాని అనుమతి కావాలి. ఎత్తయిన కొండల్లో గానీ, జనావాసాలకు బాగా దూరంగా గానీ అయితే ఈ గడువు పట్టింపు లేదు. పశువుల మేతకు గడ్డి పెంచే పచ్చిక కూడా సాగు నేల కిందికే వస్తుంది. గుడారానికి అనువుగా, చదునుగా కనబడేది అదే కాబట్టి కొత్తవాళ్లు ఎక్కువగా పొరబడేదీ అక్కడే. లోఫోటెన్ దీవుల్లో రద్దీ పెరిగి కొన్ని చోట్ల స్థానిక నిషేధాలు కూడా ఉన్నాయి. దారి పక్క బోర్డులు చదవాల్సిందే.

స్వీడన్‌లో ప్రకృతిలో స్వేచ్ఛగా తిరిగే హక్కుకు 1994లో రాజ్యాంగంలో చోటు దక్కింది. మీటర్ల లెక్క లేదు. ఇంటివాళ్లకు ఇబ్బంది కలగనంత దూరంలో ఒకటి రెండు రాత్రులు ఉండి, ఆనవాలు మిగలకుండా వెళ్లిపోవడం పద్ధతి. నేషనల్ పార్కుల నియమాలు మళ్లీ వేరు. కుంగ్స్‌లేడెన్ కాలిబాట మొదలయ్యే అబిస్కో పార్కులో నిర్ణయించిన స్థలాల్లోనే గుడారం వేయాలి.

డెన్మార్క్‌లో అసలు ఇలాంటి హక్కే లేదు. ప్రభుత్వం కొన్ని అడవులను ఎంపిక చేసి, వాటిలో మాత్రమే అనుమతిస్తుంది. అక్కడ కూడా ఒకచోట ఒక్క రాత్రే. పక్కపక్కన రెండు చిన్న గుడారాలకు మించకూడదు, ఇళ్లకూ రోడ్లకూ కనబడకూడదు. అడవుల్లో, తీరాల్లో మూడు వైపులే గోడలున్న చెక్క షెల్టర్లు ఉంటాయి. డెన్మార్క్ వరకు గుడారం కన్నా అవే నయం.

నిప్పు విషయంలో మినహాయింపులు వెతక్కండి. నార్వేలో ఏప్రిల్ 15 నుంచి సెప్టెంబర్ 15 వరకు అడవిలో, అడవి దగ్గర మంట వేయడం నిషేధం. స్వీడన్‌లో వాన లేని వేసవిలో ప్రాంతాల వారీగా నిషేధం ప్రకటిస్తారు. స్టవ్ వాడతామంటే, గ్యాస్ సిలిండర్ విమానంలోకి రానివ్వరు. దిగాక క్రీడా సామగ్రి దుకాణంలో స్టవ్‌కి తిప్పి బిగించే మర ఉన్న సిలిండర్ కొనుక్కోవాలి. వాడిన స్టవ్‌కి ఇంధనం వాసన ఉన్నా విమానాశ్రయంలో ఆపేస్తారు.

ఇక స్థానికుల ఇళ్లు. అపరిచితులకు ఇల్లు తెరిచే సేవలు కొన్ని ఉన్నాయి. వాటిలో పాతది సర్వాస్, 1949లో డెన్మార్క్‌లోనే పుట్టింది. సభ్యత్వానికి మన దేశంలోనే ముఖాముఖి ఉంటుంది, తర్వాత పరిచయ పత్రం ఇస్తారు. ఆతిథ్యం మామూలుగా రెండు రాత్రులు, ఇచ్చేవాళ్లకు డబ్బు చెల్లించకూడదు. కౌచ్‌సర్ఫింగ్ 2020 నుంచి చందా అడుగుతోంది. బీవెల్కమ్, ట్రస్ట్‌రూట్స్ ఉచితం. వార్మ్‌షవర్స్ సైకిల్ యాత్రికులకు. సంచితో నడిచేవాళ్లు అందులో అడగడం మర్యాద కాదు.

పదిమందికి ఒకే సందేశం నకలు చేసి పంపితే జవాబు రాదు. వస్తున్నది ఇద్దరని మొదటి వాక్యంలోనే చెప్పాలి. ఇద్దరి ప్రొఫైళ్లూ, తేదీలూ, ఎన్ని రాత్రులో, ఏ రైలుకి ఎన్నింటికి దిగుతారో, స్లీపింగ్ బ్యాగులు మీవేనా అన్నదీ రాయాలి. ఆ ఇంటివాళ్ల ప్రొఫైల్ చదివినట్టు తెలిసే ఒక వాక్యం కూడా ఉండాలి. చాలా ఇళ్లలో ఉండేది ఒక్క సోఫా. ఇద్దరిలో ఒకరు నేల మీద పడుకోవడానికి సిద్ధమని ముందే రాస్తే ‘కుదరదు’ అనేవాళ్లు సగం మెత్తబడతారు. చెప్పాపెట్టకుండా తలుపు తట్టడం అక్కడ దగ్గరి బంధువులు కూడా చేయరు.

ఏ నెలలో వెళ్తే ఆతిథ్యం సులువో ఆ వ్యాసం అసలు ఆలోచించలేదు. జూలైలో స్వీడన్, నార్వే పట్టణాల్లో సగం జనం సెలవు పెట్టి వేసవి క్యాబిన్లకు వెళ్లిపోతారు. స్టాక్‌హోమ్‌లోనో ఓస్లోలోనో ఆతిథ్యం దొరకడం అప్పుడే కష్టం. వ్యాసకర్త వెళ్లమన్నదీ అప్పుడే! స్వీడన్‌లో మిడ్‌సమ్మర్ పండుగ జూన్ 19-25 మధ్య వచ్చే శుక్రవారం నాడు. ఆ రోజు ఎవరినీ అడగకపోవడం మంచిది. ఆగస్టు రెండో సగం మేలు: జనం ఇళ్లకు తిరిగొస్తారు, ఉత్తరాన దోమలు తగ్గుతాయి, కొండదారుల మీద మంచు ఉండదు. అర్ధరాత్రి కూడా అస్తమించని సూర్యుణ్ణి చూడాలంటే మాత్రం నార్వే ఉత్తరాన ఉన్న ట్రామ్సోలో మే 20 నుంచి జూలై 22 దాకానే.

ఇంట్లోకి వెళ్లాక చెప్పులు గుమ్మం దగ్గరే. రాత్రి భోజనం సాయంత్రం ఐదారు గంటలకే అయిపోతుంది. ఏడింటికి చేరేట్లయితే తినేసి వస్తామని చెప్పండి. వంట చేసిపెడతామని ఉత్సాహపడేవాళ్లు ముందుగా పొయ్యి ఏ రకమో చూసుకోవాలి: ఇండక్షన్ అయితే అల్యూమినియం గిన్నె వేడెక్కదు, ఎండుమిర్చి తాలింపు పొగకు స్మోక్ అలారం మోగుతుంది. సరుకులు మీరే కార్డుతో కొనండి. వాళ్ల ఖాతాకి డబ్బు పంపుదామంటే స్విష్, విప్స్, మొబైల్‌పే లాంటి ఫోన్ చెల్లింపు యాప్‌లు అక్కడి బ్యాంకు ఖాతా లేనివాళ్లకు పనిచేయవు. నార్వేలో ఆదివారం పెద్ద దుకాణాలు మూసేస్తారు కాబట్టి శనివారమే కొనాలి. బట్టలు ఉతకాలంటే అడిగి తీరాలి. స్వీడన్ అపార్ట్‌మెంట్లలో లాండ్రీ గది అందరిదీ, వంతులవారీగా బుక్ చేసుకుంటారు. ఇంకోటి, ఇంటివాళ్ల ఎదుట మీరిద్దరూ గంటల తరబడి తెలుగులో కబుర్లాడుకోకండి.

కానుకగా నేతి మిఠాయిలు తీసుకెళ్లకండి. ఐరోపా సమాఖ్యలోకి బయటి దేశాల నుంచి పాలు, మాంసంతో చేసినవి ప్రయాణికులు తేకూడదు; నెయ్యీ అందులోదే. పచ్చి కరివేపాకుకైతే మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం కావాలి.

రైలు పాస్ కొనేటప్పుడు పేరు చూసుకోండి. ఇంటర్‌రైల్ ఐరోపా నివాసులకు, మనకు యూరైల్.

చివరిగా వీసా. మూడు దేశాలూ షెంగెన్ (ఒకే వీసాతో తిరగగల ఐరోపా దేశాల కూటమి) లోనివే, ఒక్క వీసా చాలు. ఎక్కువ రోజులుండే దేశానికి దరఖాస్తు చేయాలి. రోజులు సమానమైతే మొదట దిగే దేశానికి. రుసుము 90 యూరోలు, వైద్య బీమా కనీసం 30,000 యూరోలకు ఉండాలి. ఖర్చులకు మనిషికి రోజుకు నార్వే 500 క్రోనర్లు, స్వీడన్ 450 క్రోనర్లు చూపమంటాయి. ఆన్‌లైన్‌లో పరిచయమైన మనిషి వీసాకు బస రుజువుగా తన సొంత పత్రాలు పంపుతాడని ఆశించడం అత్యాశ. అందుకే హాస్టళ్లను వెన్నెముకగా పెట్టి, మధ్యలో రెండేసి రాత్రులు ఇళ్లలో ఉండేలా ప్రణాళిక వేసి, దాన్నే దరఖాస్తులో చూపాలి. వీసా వచ్చాక బుకింగులన్నీ రద్దు చేసే అలవాటు సరిహద్దు దగ్గర బయటపడుతుంది. బసకు బదులు పొలం పని చేస్తామన్నా పర్యాటక వీసా మీద చిక్కే. వ్యాసంలో స్వాల్‌బార్డ్ దీవులను కూడా కలిపేశారు. అవి నార్వేవే అయినా షెంగెన్ బయట ఉన్నాయి. సింగిల్ ఎంట్రీ వీసాతో వెళ్తే తిరిగి నార్వేలో అడుగుపెట్టడానికి ఎంట్రీ మిగలదు.

— ఒక పాఠకుడు