శుక్రవారం అసెంబ్లీలో చదివిన కథ గురించి

తల్లిదండ్రులకు నమస్కారం.

రెండో ప్రపంచ యుద్ధం మీద కథ రాయమని ఇచ్చిన హోంవర్కులో తొమ్మిదో తరగతి అమ్మాయి రాసి చదివిన కథ మీద మీ గ్రూపుల్లో ఏం నడుస్తోందో నాకు తెలుసు, ఇద్దరు ముగ్గురు స్క్రీన్‌షాట్లు కూడా పంపారు, థాంక్స్. ఐదో తరగతి పిల్లలు కొందరు ఏడ్చిన మాట నిజమే. చిన్నపిల్లల ముందు దాన్ని చదివించడం నా పొరపాటు, టీచర్‌ది కాదు. కానీ "సిలబస్‌లో లేని చావుల కథలు ఎందుకు" అంటే మాత్రం ఒప్పుకోను.

రెండో ప్రపంచ యుద్ధం అనగానే పిల్లలు హిట్లర్, చర్చిల్ దగ్గర ఆగిపోతారు. 1942–43లో జపాన్ సైన్యం థాయ్‌లాండ్ నుంచి బర్మాకి 415 కిలోమీటర్ల రైలుమార్గం యుద్ధఖైదీలతో, కూలీలతో వేయించింది. అక్కడ పోయిన యుద్ధఖైదీలకి థాయ్‌లాండ్‌లోని కాంచనబురిలో దాదాపు 7 వేల సమాధులు వరసగా ఉన్నాయి. మలయా (ఇప్పటి మలేషియా) రబ్బరు తోటల నుంచి తీసుకెళ్లిన తమిళ, తెలుగు కూలీలు, బర్మా, జావా మనుషులు అంతకు ఎన్నో రెట్లు పోయారు, వాళ్లలో చాలామందిని ఎక్కడ పూడ్చారో కూడా తెలీదు. రికార్డే లేని మనిషికి కథే దిక్కు కదండీ! వానలు, కలరా, తేదీలు నిజమై ఉండాలి, మనిషిని మాత్రం ఊహించాలి, ఇది వ్యాసం బట్టీ కొట్టినంత తేలిక కాదు.

ఆ అమ్మాయి ఊహించిన కూలీ, కలరా రోగులను ఉంచిన పాక బయట తమ్ముడి రేకు గిన్నె పట్టుకుని కూర్చుంటాడు. లోపల్నుంచి ఎవరూ పిలవరు. చీకటి పడ్డాక లేచి, ఆ గిన్నెలోనే తన గంజి పోయించుకుంటాడు. కథ మొత్తంలో ఏడుపు అన్న మాటే లేదు. దిద్దుదామని ఎర్రపెన్ను తీసి మళ్లీ మూత పెట్టేశాను. ఇంకో అబ్బాయి బర్మా అడవుల్లో తలమీద మూటలు మోసిన పశ్చిమాఫ్రికా సైనికుడి గురించి రాశాడు, ఒత్తులు ఘోరం, కథ అద్భుతం.

మిగతావాటిలో ఆరు కథలు ఒకే వాక్యంతో మొదలయ్యాయి, రెండు పెద్దవాళ్ల చేతిరాతలో వచ్చాయి. మీ శ్రద్ధకు చాలా సంతోషం, హోంవర్కు మాత్రం పిల్లలకే ఇచ్చాం. కథ విని బాబుకి నిద్ర పట్టలేదని ఫోన్ చేసిన నాన్నగారూ, రాత్రి పదకొండు దాకా వాడు ఫోన్లో ఆడేది కూడా యుద్ధమేనట, వాడే చెప్పాడు.

పరీక్షల టైంటేబుల్ డైరీలో అంటించాం, సంతకం చేసి పంపండి. ఐడీ కార్డులు మర్చిపోవద్దు.

కథలన్నీ లైబ్రరీ బల్ల మీద ఉన్నాయి. గ్రూపులో రాసేముందు ఒకసారి వచ్చి చదవండి, పది నిమిషాలు పడుతుంది.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు