బి3తో మొదలుపెట్టే ముందు

ఒరే శ్రీనూ,

ఈసారి చదరంగం టోర్నమెంటులో మొదటి ఎత్తే బి3 (బి నిలువు వరుసలో బంటుని మూడో గడికి తొయ్యడం) వేస్తానని రాశావు. వెయ్యి, మంచి ఓపెనింగే. కానీ ముందు 1970లో బెల్‌గ్రేడ్‌లో డెన్మార్క్ ఆటగాడు లార్సెన్ తెల్ల పావులతో, అప్పటి ప్రపంచ ఛాంపియన్ స్పాస్కీ నల్ల పావులతో ఆడిన ఆటని బోర్డు మీద పరిచి చూడు. సోవియట్ జట్టుకీ మిగతా ప్రపంచానికీ పోటీ, మొదటి బోర్డు. బి3 అంటేనే గుర్తొచ్చే లార్సెన్ 17 ఎత్తుల్లో ఓడిపోయాడు.

బి3కి స్పాస్కీ ఇ5 వేశాడు. తెల్ల బిషప్ బి2కి, నల్ల గుర్రం సి6కి వచ్చాయి. అప్పుడు లార్సెన్ సి4 తోసి, ఆ పైన గుర్రాన్ని ఎఫ్3లో పెట్టాడు. నల్ల బంటు ఇ4కి రాగానే ఆ గుర్రం డి4కి తప్పుకుని, తర్వాత సి6లో గుర్రాన్ని కొట్టింది. లెక్క చూడు: ఒక్క గుర్రానికే మూడు ఎత్తులు, అది పడగొట్టిన గుర్రం కదిలింది ఒక్కసారే! పైగా స్పాస్కీ డి బంటుతో తిరిగి కొట్టేసరికి అతని బిషప్‌కీ ఏనుగుకీ దారి దొరికింది.

పదో ఎత్తు ఎఫ్4 నాకు అస్సలు నచ్చదు. ఆ బంటు ఎఫ్3లో ఉంటే జి4ని కాసేది. అది దాటిపోయాక నల్ల గుర్రం జి4లో దిగింది. లార్సెన్ హెచ్3తో దాన్ని తరమబోతే, స్పాస్కీ గుర్రాన్ని వదిలేసి, హెచ్4 దాకా తోసిన హెచ్ బంటుతో జి3లో ఉన్న తెల్ల బంటుని కొట్టాడు.

ఇక్కడే ఆగి చూడు. జి3లో ఉన్న ఆ నల్ల బంటే స్పాస్కీ మంత్రికి హెచ్4 నుంచి ఇ1 దాకా పోయే ఐమూలకి అడ్డం. జి2కి తోద్దామంటే జి1లో తెల్ల ఏనుగు తినేస్తుంది. అందుకే స్పాస్కీ తన ఏనుగుని హెచ్1లో ఊరికే ఇచ్చేశాడు! తెల్ల ఏనుగు దాన్ని కొట్టగానే జి2కి కాపలా పోయింది. బంటు జి2కి దిగి ఆ ఏనుగు మీదే పడింది, ఐమూల కూడా తెరుచుకుంది. ఏనుగు ఎఫ్1కి తప్పుకుంటే హెచ్4లో మంత్రి చెక్, రాజు డి1కి, బంటు ఎఫ్1లో ఏనుగుని కొట్టి మంత్రై మళ్ళీ చెక్. ఆ మంత్రిని కొట్టినా జి4లో బిషప్ చెక్, ఆ వెనకే మేట్. లార్సెన్ బి1 గుర్రం, ఎ1 ఏనుగు చివరిదాకా ఇంట్లోనే ఉన్నాయి.

నువ్వు మూడో ఎత్తు సి4 బదులు ఇ3 వెయ్యి. నల్ల గుర్రం ఎఫ్6కి వస్తే బిషప్‌ని బి5లో పెట్టు. ఇ5ని కాసేది సి6 గుర్రమే కాబట్టి నీ బి2 బిషప్‌కి పని దొరుకుతుంది. అవతలివాడు బిషప్‌ని డి6లో పెట్టి కాపాడితే వాడి డి7 బంటు ఇరుక్కుంటుంది. నీ గుర్రాన్ని ఎ3 మీదుగా సి4కి తిప్పే ఆలోచన చెయ్యి. జి1 గుర్రాన్ని మాత్రం తొందరపడి ఎఫ్3కి తేకు, ఇ4 దెబ్బ ఉంటుంది. దానికి ఇ2 చాలు.

రెండు మూడు ఆటలు ఆడి, ఎక్కడ చిక్కుకున్నావో ఎత్తులతో సహా రాయి.

నీ
సుబ్బు