తిత్లీ తుపాను సాయం చందాల జమాఖర్చు, అడిగినవాళ్లకు జవాబు

ఊళ్లో ఉన్నవాళ్లకు, పండక్కి రాలేకపోయిన మనవాళ్లందరికీ నమస్కారం. కనుమ నాడు రామమందిరం దగ్గర చదివిన లెక్కే ఇది. ఆ కేకల్లో సగం వినపడలేదన్నారు కాబట్టి రాసి పెడుతున్నాం.

ముందు జమ. ఇంటింటికీ తిరిగి వసూలు చేసింది 41,300 రూపాయలు. హైదరాబాద్, విశాఖలో ఉన్నవాళ్లు ఇచ్చింది 1,12,500. గల్ఫ్‌లో ఉన్న కుర్రాళ్లు పంపింది 1,86,000. దసరా ఉత్సవానికి ఎత్తిపెట్టిన 28,000 కూడా ఇందులోనే కలిపేశాం. 2018 అక్టోబరు 10న కలశం పెట్టాం, 11 తెల్లారేసరికి తుపానుకు పందిరే లేదు. మొత్తం జమ 3,67,800.

ఖర్చులో పెద్ద పద్దు టార్పాలిన్లు. ఒక్కోటి 1,150 చొప్పున తొంభైకి 1,03,500. దీని మీద గొడవ జరిగింది, జరగాల్సిందే. తుపానుకు ముందు అదే సరుకు 700కి దొరికేది. మొదటి రెండు రోజులూ "ప్రభుత్వం ఇస్తుంది కదా, మనమెందుకు కొనాలి" అని వాదించుకుంటూ కూర్చున్నాం. మూడో రోజు పరిగెత్తేసరికి ధర పెరిగిపోయింది. అంటే 40,500 రూపాయలు మా తాత్సారానికి కట్టిన జరిమానా.

బియ్యం, పప్పు, నూనెకు 72,840. పడిన చెట్లు కోయడానికి మిషన్ రంపాల అద్దె, కూలి 46,000. జనరేటర్ అద్దె 11 రోజులకు 38,500, డీజిల్ 31,460. జనరేటర్ని మంచినీళ్ల ట్యాంకు నింపడానికి తెచ్చాం గానీ దాని చుట్టూ ఫోన్ల ఛార్జింగ్ జాతర జరిగింది. ఏది ఎవరిదో తెలియక ప్రతి ఫోను వెనకా ప్లాస్టర్ అంటించి ఇంటిపేరు రాశారు పిల్లలు. కొవ్వొత్తులు, దోమల చుట్టలు 6,650.

డయాలసిస్‌కి వెళ్లేవాళ్ల ఆటోలకు 14,200. మన శ్రీకాకుళం ఉద్దానంలో కిడ్నీ జబ్బు సంగతి కొత్తగా చెప్పక్కర్లేదు. మొదటిసారి ఒకాయన్ని మంచం మీద పడుకోబెట్టి, కూలిన చెట్లు దాటించి పెద్ద రోడ్డు దాకా మోశారు కుర్రాళ్లు. ఆ రోజు ఖర్చేమీ లేదు, లెక్కలో కనపడదు గనక చెబుతున్నాం. అర్జీల జిరాక్సులు, ఫొటోలు 3,900. మొత్తం ఖర్చు 3,17,050. నిల్వ 50,750.

దుబాయ్ నుంచి ఒక తమ్ముడు అడిగాడు: "ఇవన్నీ సర్కారు చేయాల్సిన పనులు. మన చేతి డబ్బు ఎందుకు పడింది? తప్పెవరిది?" కమిటీలో రెండు పార్టీల వాళ్లూ ఉన్నారు. కింది నాలుగు ముక్కలు రాయడానికి మూడు రాత్రులు పట్టింది.

హెచ్చరిక విషయంలో ఎవరినీ అనలేం. కళింగపట్నం, గోపాల్‌పూర్ మధ్య తీరం దాటుతుందని వాతావరణ శాఖ ముందే చెప్పింది, పలాస దగ్గర దాటింది. ముఖ్యమంత్రి చంద్రబాబు పలాసలోనే మకాం వేశారు. అదీ నిజమే.

నీళ్లు, కరెంటు దగ్గర మాత్రం తప్పుంది. 2013లో ఫైలిన్ అక్టోబరు 12నే, 2014లో విశాఖను కొట్టిన హుద్‌హుద్ కూడా అక్టోబరు 12నే. అక్టోబరొస్తే తీరంలో ఎవరికీ నిద్ర పట్టదు. అయినా నీళ్ల ట్యాంకు దగ్గర ఒక జనరేటర్ ఉండాలన్న ఆలోచన పై నుంచి కింది దాకా ఎవరికీ రాలేదు. పంచాయతీలో మనమూ అడగలేదు.

పరిహారం: కొబ్బరి చెట్టుకు 1,500, జీడికి హెక్టారుకు 30,000 అన్నారు. లెక్క రాయడానికొచ్చినవాళ్లు కూలిన చెట్టు రాశారు, మొవ్వు విరిగి నిలబడ్డ చెట్టు వదిలేశారు. మొవ్వు పోయిన కొబ్బరి చెట్టు, కరెంటు స్తంభం ఒకటే. ఇది ముమ్మాటికీ వాళ్ల తప్పే, అర్జీలు అందుకే. ఇక నష్టం 2,800 కోట్లు, తక్షణం 1,200 కోట్లు ఇవ్వండని రాష్ట్రం ఢిల్లీకి రాసింది. 2018 మార్చిలో తెలుగుదేశం, బీజేపీ పొత్తు తెగింది కదా, ఆ తర్వాత తిట్లు తప్ప ఏం వినపడ్డాయి? ఈ ముక్క దగ్గర మాత్రం రెండు పార్టీల వాళ్లూ ఒప్పుకోలేదు, ఉంచేశాం.

వాళ్ల జాబితా తప్పన్నప్పుడు మన జాబితా సంగతీ చెప్పాలి. కప్పు ఎగిరిపోయిన ఇళ్లు 78 అని రాసుకున్నాం. తొంభై టార్పాలిన్లు తెచ్చాం గనక పన్నెండు మిగిలాయి, మడత విప్పకుండా మందిరం వరండాలో నాలుగు రోజులున్నాయి. ఆ నాలుగు రోజులూ చెరువు అవతల ఆరు ఇళ్ల వాళ్లు ఆకాశం కిందే ఉన్నారు. జాబితా గుడి చందాల పుస్తకం చూసి రాశాం. ఆ ఆరిళ్ల పేర్లు ఆ పుస్తకంలో ఎప్పుడూ లేవు, ఎందుకంటే వాళ్లను మనం ఎప్పుడూ చందా అడగలేదు. ఎందుకు అడగలేదో ఊరికి తెలుసు. ఐదో రోజు వెళ్లి ఇచ్చాం, క్షమించమన్నాం. ఒక అమ్మ "ఇప్పుడు గుర్తొచ్చామా బాబూ" అంది. జవాబు చెప్పలేకపోయాం.

నిల్వ డబ్బుతో ముందు ఆ ఆరిళ్లకు రేకులు, మిగిలితే కొబ్బరి మొక్కలు. పరిహారం కోసం చేసే ధర్నాకు బస్సు ఛార్జీలు ఈ నిధి నుంచి ఇవ్వం, వెళ్లేవాళ్లు సొంతంగా పెట్టుకోవాలి.

బిల్లుల కట్ట మందిరం బీరువాలో ఉంది, ఎవరైనా చూడొచ్చు. డీజిల్ బిల్లుల్లో రెండు తడిసి అంకెలు చెరిగిపోయాయి. ఆ 1,840 రూపాయలకు కమిటీ మాట తప్ప వేరే రుజువు లేదు. నమ్మకపోతే నెలాఖరులోగా చెప్పండి, మా జేబుల్లోంచి జమ చేస్తాం.