సెక్రటరీ జనరల్ గారూ, తూర్పు తిమోర్‌ను మర్చిపోకండి

ఐక్యరాజ్యసమితి సెక్రటరీ జనరల్ గారికి,

యుద్ధం ఆగిన దేశం నుంచి మీ శాంతి దళాలు ఎప్పుడు వెనక్కి రావాలో నిర్ణయించేటప్పుడు బడ్జెట్ ఒక్కటే చూడకండి. 2005లో ఆగ్నేయాసియాలోని తూర్పు తిమోర్‌లో చిన్న కార్యాలయం మిగిల్చి శాంతి దళాలు వెళ్లిపోయాయి, ఏడాదికే సైన్యం దాదాపు 600 మందిని తొలగించడం, అది చినికి చినికి గాలివానై పోలీసులూ సైనికులూ ఒకరినొకరు కాల్చుకునేదాకా పోవడం మీకు తెలిసిందే. 2006 మే 25న రాజధాని దిలీలో, ఐరాస అధికారులు వెంట ఉండగా ఆయుధాలు వదిలేసి నడిచి వస్తున్న పోలీసుల మీద సొంత దేశపు సైనికులే కాల్పులు జరిపారు. ఎనిమిది మంది చనిపోయారు. తలుచుకుంటే ఇప్పటికీ కడుపు తరుక్కుపోతుంది.

తుపాకీ పట్టడం నేర్పినంత శ్రద్ధ, ఆ తుపాకీ ఎవరి మాట వినాలో తేల్చే వ్యవస్థ మీద పెట్టలేదు.

పశ్చిమ ఆఫ్రికాలోని లైబీరియాలో మేలు. 2016లో భద్రత స్థానికులకు అప్పగించాక కూడా ఐరాస శాంతి మిషన్ 2018 దాకా ఉంది, మధ్యలో ఎన్నికలు జరిగాయి. అంతకుముందు కొన్ని ప్రభుత్వ సంస్థల్లో విదేశీ నిపుణుడి సంతకం కూడా పడితేనే డబ్బు కదిలేది. అది సార్వభౌమత్వానికి దెబ్బ అన్నారు, ఆ బాధ న్యాయమే, కానీ గడువు పెట్టుకుని చేస్తే తప్పు కాదని నా అభిప్రాయం.

మిషన్ మూసేలోపు పోలీసుల జీతాలకు, పార్లమెంటు పర్యవేక్షణకు, కోర్టులకు కొన్నేళ్ల నిధులు ఖాయం చేయించండి.