కొలవకుండానే బోర్ కొట్టేస్తున్నారు, ఆదివారం ఐటీఐలు తెరవండి

ఎడిటర్ గారికి నమస్కారం.

మొన్న మీ పేపర్లో పాత కార్ల మీద వచ్చిన వార్త చదివి మా కాలనీలో చాలామంది పదిహేనేళ్లు దాటితే బండి తుక్కుకే పోవాలని అనుకుంటున్నారు, పొద్దున వాకింగ్‌లో కలిసినవాళ్లు నన్ను కూడా ఇంకా ఆ మారుతి ఎందుకు పెట్టుకున్నావ్ అని అడిగారు, అందుకే ఈ ఉత్తరం. ఢిల్లీ చుట్టుపక్కల రూల్ వేరు. మన దగ్గర సొంత కారుకి పదిహేనేళ్లు నిండితే ఆర్టీఏ వాళ్లకి చూపించి, బండి ఫిట్‌గా ఉంటే రిజిస్ట్రేషన్ ఇంకో ఐదేళ్లు పొడిగించుకోవచ్చు. 2022 ఏప్రిల్ నుంచి ఆ ఫీజు 600 కాస్తా 5,000 అయింది, మాలాంటోళ్లకి అది బరువే, అయినా దారి మాత్రం ఉంది.

నాది 2008 మారుతి 800, మా బాపు కొన్నది, 1,72,000 కిలోమీటర్లు తిరిగింది. పోయిన ఎండాకాలం నుంచి తార్నాక సిగ్నల్ దగ్గర ఆగి మళ్లీ కదిలినప్పుడల్లా వెనకాల నీలం పొగ, వెయ్యి కిలోమీటర్లకి లీటర్ ఆయిల్ తాగేస్తోంది. గ్యారేజీకి తీసుకెళ్తే మెకానిక్ ప్లగ్గు కూడా విప్పలేదండి, సైలెన్సర్ దగ్గర చెయ్యి పెట్టి చూసి "ఇంజన్ బోర్‌కొచ్చింది అన్నా, 38,000 అయితది, లేదంటే సెకండ్‌హ్యాండ్ ఇంజన్ తెచ్చి వేస్తా" అన్నాడు. బోర్ కొట్టడమంటే పిస్టన్లు ఆడే సిలిండర్లని లోపల కోసి పెద్దవి చేయడం. ఆ సెకండ్‌హ్యాండ్ ఇంజన్ ఎంత తిరిగిందని అడిగితే జవాబు లేదు.

ఇంటికొచ్చి ఫ్రెండ్ దగ్గర కంప్రెషన్ గేజ్, అంటే సిలిండర్లో గాలి ఎంత ఒత్తిడికి వస్తుందో చూపే మీటర్, తెచ్చి పెట్టి చూశా. రెండు సిలిండర్లలో చదరపు అంగుళానికి 140, 145 పౌండ్లు, మూడోదాంట్లో 95. ఆ మూడోదాంట్లో ప్లగ్గు బెజ్జంలోంచి ఒక చెంచా ఇంజన్ ఆయిల్ పోసి మళ్లీ సెల్ఫ్ కొడితే 130కి ఎక్కింది. ఆయిల్ పోస్తే పెరిగిందంటే గాలి పిస్టన్ చుట్టూ ఉండే రింగుల పక్క నుంచి పోతోందని అర్థం, పెరగకపోతే వాల్వుల్ని అనుమానించాలి. ఐదు నిమిషాల పని, అది చేయకుండా 38,000 ఎట్లా చెప్తారో నాకు అర్థం కాలేదు.

రామంతాపూర్‌లో మా ఇంటి పోర్టికోలోనే చైన్ పుల్లీ కట్టి నేనూ ఇంటర్ చదివే మా అబ్బాయీ ఇంజన్ దించాం. హెడ్ విప్పి, కింద ఆయిల్ ఉండే చాంబర్ విప్పి, కనెక్టింగ్ రాడ్ క్యాపులు ఒకదానిది ఒకదానికి మారకుండా పంచ్‌తో ఒక చుక్క, రెండు చుక్కలు, మూడు చుక్కలు కొట్టుకున్నాం, వాల్వులు ఆరూ ఏవి ఎక్కడివో తెలియాలని కోడిగుడ్ల అట్టలో వరసగా పెట్టాం. పాత రింగ్ ఒకటి సిలిండర్లోకి దించి పిస్టన్ తలతో చదునుగా నెట్టి, దాని రెండు కొసల మధ్య సందు కొలిచే ఫీలర్ గేజ్ పెడితే 0.80 మిల్లీమీటర్ల రేకు కూడా వదులుగా ఆడుతూ దూరింది. అదే తర్వాత కొత్త రింగ్ పెట్టినప్పుడు 0.25 రేకు దూరి, 0.30 కాస్త పట్టుకుని, 0.35 అసలు దూరలేదు. ఆ తేడా మా అబ్బాయి చేత్తో పట్టి చూశాడు, ఆ రోజు నుంచి వాడు నన్ను అడగకుండానే పనిలోకి వచ్చేవాడు.

అసలు చిక్కు విడిభాగాల షాపులుండే రాణీగంజ్‌లో వచ్చింది. రింగులు అడిగితే షాపాయన "స్టాండర్డ్ కావాల్నా, ఓవర్‌సైజ్ కావాల్నా" అన్నాడు, నేను నోరెళ్లబెట్టా, ఎందుకంటే సిలిండర్ ఎంత అరిగిందో కొలిచే బోర్ గేజ్ నా దగ్గర లేదు. ఒక లేత్ షాపుకి బ్లాక్ (సిలిండర్లుండే ఇంజన్ దిమ్మ) పట్టుకెళ్తే వేలు లోపల తిప్పి చూసి "బోర్ కొట్టించు, 0.50 పిస్టన్లు వేసుకో" అన్నాడు, అంటే అర మిల్లీమీటర్ పెద్దవి. వేలితో! బోర్ కొడితే పిస్టన్లు కూడా కొత్తవి కొనాలి, పైగా తీసేసిన ఇనుము మళ్లీ రాదు. చివరికి తెలిసినవాళ్లు చెప్తే బాలానగర్‌లో రిటైరైన ఒక పెద్దాయన షెడ్డుకి వెళ్లాం. ఆయన 68.5 మిల్లీమీటర్ల బోర్‌లో పైన, మధ్యలో, కింద, నిలువుగా ఒకసారి అడ్డంగా ఒకసారి, మూడు సిలిండర్లకీ గేజ్ తిప్పి కాగితం మీద రాసిచ్చారు, ఎక్కువలో ఎక్కువ అరుగుదల 0.05 మిల్లీమీటర్లు. "బోర్ అక్కర్లేదు బాబూ, హోనింగ్ చేయించి స్టాండర్డ్ రింగులే వేసుకో" అన్నారు (హోనింగ్ అంటే సిలిండర్ గోడల్ని రాయితో పైపైన రుద్దడం), డబ్బులిస్తే తీసుకోలేదు.

రింగులు, బేరింగ్ షెల్స్, వాల్వ్ సీల్స్, ప్యాకింగ్ సెట్, టైమింగ్ బెల్ట్, హోనింగ్, హెడ్ లెవెల్, ఆయిల్ అన్నీ కలిపి 11,600 అయింది. వాల్వులు గ్రైండింగ్ పేస్ట్‌తో మేమే చేత్తో రుద్దుకున్నాం, హెడ్ తిరగేసి వాల్వులు కూర్చునే గిన్నెల్లో పెట్రోల్ పోసి పావుగంట చూస్తే చుక్క కారలేదు. బోల్టు ఎంత బిగిసిందో చూపే టార్క్ రెంచ్ ఒకటి కొన్నా, హెడ్ బోల్టులు మధ్య నుంచి బయటికి మూడు విడతలుగా బిగించాలి కాబట్టి అది లేకుండా ఈ పనికి దిగొద్దని చెప్తా. మొదటిసారి స్టార్ట్ చేసే ముందు ప్లగ్గులు తీసేసి ఆయిల్ లైట్ ఆరేదాకా సెల్ఫ్ కొట్టాం, 500 కిలోమీటర్లకే ఆయిల్ మార్చాం. ఇప్పుడు మూడు సిలిండర్లూ 165, 170 మధ్య ఉన్నాయి, పొగ లేదు. (తీసిన పాత ఆయిల్ దయచేసి మోరీలో పోయకండి, అది తిరిగి తిరిగి మూసీలోకే పోతుంది, డబ్బాలో పట్టి పాత ఆయిల్ కొనేవాళ్లకే ఇవ్వండి.)

ఇంతకీ నేను అడిగేదేంటంటే, ఆ పెద్దాయన దొరక్కపోతే నా బ్లాక్‌కి అనవసరంగా బోర్ పడేది, రోజూ ఎంతోమందికి అట్లాగే పడుతోంది. టూల్ డిజైన్ నేర్పే కేంద్ర సంస్థ 1968 నుంచి ఇదే బాలానగర్‌లో ఉంది, ఇలాంటి ఊళ్లో మామూలు మనిషికి ఒక బోర్ గేజ్ అందట్లేదు. ప్రభుత్వం 65 ఐటీఐలని అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లుగా మారుస్తామని 2024 జూన్‌లో మల్లేపల్లిలోనే శంకుస్థాపన చేసింది, చాలా మంచి పని. ఆ మల్లేపల్లి ఐటీఐలో నెలకి రెండు ఆదివారాలు వర్క్‌షాప్ తెరిచి, ఫీజు పెట్టుకున్నా సరే, బ్లాక్ తెచ్చినవాళ్లకి కొలిచి చీటీ రాసివ్వమనండి. మోటార్ మెకానిక్ ట్రేడ్ పిల్లలు ఇన్‌స్ట్రక్టర్ ముందు కొలిస్తే వాళ్లకి రకరకాల ఇంజన్ల మీద చెయ్యి తిరుగుతుంది, మాకు లేత్ షాపులో ఏం అడగాలో తెలుస్తుంది. మొదటి ఆదివారం ఎప్పుడో చెప్తే నేను, మా అబ్బాయి టార్క్ రెంచ్, ఫీలర్ గేజ్ పట్టుకుని పొద్దున తొమ్మిదికల్లా అక్కడుంటాం.

ఇట్లు
మీ పాఠకుడు, రామంతాపూర్, హైదరాబాద్